పందిటిలో చల్లని పానకము

శ్రీరామనవమినాడు పందిళ్లలో వందలమందికి పానకము పంచుట మన ఆచారము. చల్లగా నుండవలెనని కొందరు మంచుగడ్డలను పగులగొట్టి గంగాళములో వేయుచుందురు. అట్లు చేయవలదని మా మనవి. చేపలను నిలువచేయుటకై తయారగు మంచు, త్రాగదగిన నీటితో చేసినదని నమ్ముటకు వీలులేదు. గడ్డకట్టినంతమాత్రమున నీటిలోని రోగక్రిము లన్నియు నశింపవు. గంగాళ మొక్కటి చెడినను ఊరంతయు మంచమెక్కును.

మంచును పానకములో గాక, పానకపు బిందె చుట్టును వేయుదము. కళాయి వేసిన బిందెను తొట్టిలో నిలిపి, చుట్టును మంచుముక్కలు, కొంచెము నీరు పోసినచో చలువ లోని కెక్కును. గ్రాము మంచు కరగుటకు 80 కెలోరీల వేడిని గ్రహించును. తొట్టికి గోనె చుట్టినచో ఆ వేడిలో అధికభాగము పానకమునుండియే పోవును. పానకము పలుచబడదు కూడ.

మంచు దొరకనిచోట మంచినీటిని రాత్రియే కుండలలో పోసి, తడిగుడ్డ చుట్టి, గాలియాడుచోట తడి ఇసుకపై నుంచుదము. ఆవిరియగు గ్రాము నీరు సుమారు 580 కెలోరీలను కొనిపోవును. ఉక్కపోయు కోస్తాలో మాత్రము ఈ చలువ కొంత తగ్గును. ఉదయము ఆ నీటిలో బెల్లము, మిరియాలు, ఏలకులు కలుపుదము. మూతను, పిడిగల గరిటెను మరువవలదు.

పానకము చల్లనగుట మంచిదే. త్రాగినవారు చల్లగా నుండుట ముఖ్యము.