కళాశాల గడప దాటిన బిడ్డ: తల్లిదండ్రుల ప్రశ్నలు

(రాజపాళయంలో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన కుమారస్వామి రాజా గారు పుట్టిన ఊరు ఇది. 1973 నుండి రాజుల కళాశాల నడుస్తున్న ఊరు. ఇక్కడ చదువు విలువ గురించి నేను చెప్పవలసిన పని లేదు. అయితే నేడు మన పిల్లలు మదురై, చెన్నై, హైదరాబాదు దాకా పోయి చదువుతున్నారు. హొసూరులో గాని, గుమ్మిడిపూండిలో గాని, ఇక్కడ గాని, భాషాహక్కులపై సభ ముగియగానే తల్లిదండ్రులు న్యాయవాదినైన నన్ను పక్కకు పిలిచి అడిగేవి పిల్లల చదువు ప్రశ్నలే. తరచుగా వినవచ్చే ఆరింటికి ఈ పూట సమాధానం చెబుతాను.

ముందుగా ఒక మాట. 18 ఏళ్లు నిండిన బిడ్డ చట్టం దృష్టిలో మేజరు. హక్కు ఆ బిడ్డది, ఫిర్యాదు ఆ బిడ్డది, సంతకం ఆ బిడ్డది. ఇంతకాలం ముందు నడిచిన మనం ఇక పక్కన నడవాలి. నా సమాధానాలన్నిటికీ ఇదే ఆధారం.

మొదటి ప్రశ్న: "మేమూ తెలుగువాళ్లమే కదా, ఆంధ్రలో మా వాడికి సీటు రాదా?"

మనసుకు న్యాయంగా తోచే ప్రశ్న ఇది. కాని చట్టం మాతృభాషను చూడదు, స్థానికతను చూస్తుంది. 371డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండటం స్థానికతకు ముఖ్యమైన కొలత. 2014 విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024లో ముగిసింది. ఆ తరువాత రెండు రాష్ట్రాలూ నిబంధనలను సవరించుకుంటున్నవి గనుక ఏ యేటి ప్రకటన ఆ యేడు చదవాలి. కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఈ స్థానిక నిబంధన లేదు. వాటి డిగ్రీ ప్రవేశాలకు 2022 నుండి జరుగుతున్న సీయూఈటీ పరీక్షను 13 భాషలలో నిర్వహిస్తున్నారు. వాటిలో తమిళమూ ఉన్నది, తెలుగూ ఉన్నది. మన పిల్లలకు ఇది తెరిచిన తలుపు.

రెండవ ప్రశ్న: "మా కుల ధ్రువపత్రం అక్కడ చెల్లుతుందా?"

దరఖాస్తుకు ముందే తెలుసుకోవలసిన సంగతి ఇది. తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరి, అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగ కింద సీటు కోరాడు. ఒక రాష్ట్రపు జాబితాలోని హోదా వలస పోయిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా అది ప్రసిద్ధం. వెనుకబడిన తరగతుల జాబితాలు కూడా రాష్ట్రానికొకటి. కులం పేరు ఒకటే అయినంత మాత్రాన రెండు చోట్లా ఒకే రిజర్వేషను ఉంటుందనుకోరాదు. ఆ ఆశతో వేరే సీటు వదులుకోవద్దు.

మూడవ ప్రశ్న: "డిగ్రీలో తెలుగు తీసుకుంటే ఉద్యోగానికి నష్టమా?"

2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడిలో మన పిల్లలకు మొదటి భాషగా తెలుగు ఎంచుకునే అవకాశం పోయింది. మినహాయింపు కోసం సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. 2023లోనూ అక్కడి నుండి దొరికినది ఒక్క యేటి ఊరటే. కళాశాలలో ఆ తలుపు కొంత తెరుచుకుంటుంది. కళలు, విజ్ఞాన శాస్త్రాల డిగ్రీలో మొదటి భాగం కింద తమిళం గాని, కళాశాలలో బోధించే మరొక భాష గాని తీసుకోవచ్చు. తెలుగు చెప్పే కళాశాల అయితే తప్పక అడగండి. అడిగేవారు లేకపోతే ఉన్న అధ్యాపక పదవి కూడా పోతుంది.

అంతమాత్రాన తమిళాన్ని విడిచిపెట్టమని నేను చెప్పను. 2021 డిసెంబరు ఉత్తర్వుతో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలలో తమిళ పత్రం తప్పనిసరి అయింది. అందులో కనీసం 40 శాతం రావాలి. అది పదవ తరగతి స్థాయి పరీక్షే. తెలుగు చదివే బిడ్డ తమిళాన్నీ ఆ స్థాయిలో నిలుపుకుంటే ఏ తలుపూ మూసుకోదు. ఇంట తెలుగు, వీధిలో తమిళం మనకు తరతరాల అలవాటు. దాన్ని బరువుగా గాక ఆస్తిగా చూడండి.

నాలుగవ ప్రశ్న: "హాస్టలులో ఏడిపిస్తే?"

ఇక్కడ చదివితే మన పిల్లవాణ్ణి 'గొల్టి' అంటారు. ఆంధ్రకు పోతే 'అరవవాడు' అంటారు. నవ్వుతూ అన్నారులే అని మనం సర్దుకుంటాం. 1996లో అన్నామలై విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థి ఒకరు ర్యాగింగులో హతుడైన తరువాతనే, 1997లో తమిళనాడు ర్యాగింగు నిషేధ చట్టం తెచ్చింది. యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు చేసింది. 2016 సవరణలో భాషను, పుట్టిన చోటును, ప్రాంతాన్ని పట్టుకొని తోటి విద్యార్థిని వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగేనని స్పష్టంగా చేర్చింది. అంటే భాష పేరిట సాగే వేధింపును ఇక ఎవరూ పరిహాసమని తీసిపారేయడానికి వీలు లేదు. సహాయవాణి సంఖ్య 1800-180-5522. ప్రవేశ సమయంలో విద్యార్థితో పాటు మీరూ ర్యాగింగు వ్యతిరేక ప్రమాణపత్రం ఇస్తారు. చదవకుండా సంతకం చేయవద్దు. మన బిడ్డ మరొకరిని ఏడిపించనని ఇచ్చే మాట కూడా అందులోనే ఉన్నది.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత సంఘం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ ఉండాలి. దాని సభ్యుల పేర్లు చేరిన మొదటి వారంలోనే అమ్మాయి రాసిపెట్టుకోవాలి. 'చెబితే చదువు మాన్పిస్తారు' అన్న భయం ఇంట్లో ఉంటే ఏ సంఘమూ ఆమెను ఆదుకోలేదు.

ఐదవ ప్రశ్న: "కళాశాల మారదామంటే సర్టిఫికెట్లు, డబ్బు తిరిగి ఇవ్వరేమో?"

అసలు ధ్రువపత్రాలను సంస్థ తన దగ్గర అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018 ప్రకటన చెబుతున్నది. సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి. అదే ప్రకటన ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులో అంతకు మించో ముందు మానుకుంటే, గరిష్ఠంగా 5,000 రూపాయలకు లోబడి స్వల్ప రుసుము మినహా మొత్తం ఫీజు తిరిగి రావాలి. ఆలస్యమైన కొద్దీ 90, 80, 50 శాతాలకు తగ్గుతుంది. ఆ చివరి తేదీ దాటి 30 రోజులు మించితే ఏమీ రాదు. కాబట్టి నిర్ణయం త్వరగా తీసుకోండి, కోరికను రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్లు ముద్ర వేయించుకోండి. కాదంటే 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల సంఘం, దానిపైన అంబుడ్స్‌పర్సన్ ఉన్నారు. ఫిర్యాదు బిడ్డే రాయాలి, మీరు పక్కన కూర్చోండి. ప్రభుత్వ అధికారులకు ఇచ్చే విన్నపాన్ని దేశంలో గాని, ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చునని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతున్నది. ఇంగ్లీషు రాదని ఏ తల్లీ వెనుదీయనక్కరలేదు.

చివరి ప్రశ్న: "రోజుకు ఎన్నిసార్లు ఫోను చేయాలి?"

దీనికి చట్టంలో సమాధానం లేదు, మన ఇంట్లోనే ఉన్నది. మార్కులెన్ని, తిన్నావా, డబ్బుందా అన్న మూడు ప్రశ్నలకు బిడ్డ మూడు ముక్కల్లో జవాబిచ్చి పెట్టేస్తాడు. 'నీ గదిలో ఎవరెవరున్నారు? వాళ్లది ఏ ఊరు?' అని అడిగి చూడండి. మాట తీగలా సాగుతుంది. ఆ మాట తెలుగులోనే సాగనివ్వండి. తరగతిలో ఇంగ్లీషు, భోజనశాలలో తమిళమో హిందీయో మాట్లాడి అలసిన బిడ్డ తన దిగులును వెతుక్కోకుండా చెప్పుకోగలిగేది అమ్మనుడిలోనే. ఇంట ఆ నుడి ఉడిగిపోతే, కష్టం చెప్పుకునే దారి ఒకటి మూసుకుపోయినట్లే. మన ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామందే. చదివే పిల్లలు తక్కువ. అక్షరాలు రాని బిడ్డకు ఈ వేసవిలోనే నేర్పండి, వారానికి నాలుగు పంక్తులు తెలుగులో రాసి పంపండి.

ఇంటికి పోయాక చేయవలసిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. కళాశాల ఇచ్చిన దరఖాస్తు, ప్రమాణపత్రం, ఫీజు నిబంధనలు ముందు పెట్టుకొని బిడ్డతో కలిసి చదవండి. అర్థం కాని చోట గీత గీయండి. ఆ గీత గీసిన చోట అడగవలసిన ప్రశ్నను బిడ్డ చేతనే అడిగించండి.