ఊపిరిలోని బూజు

కుళ్లిన ఆకులమీదను, నిలువయుంచిన రొట్టెమీదను పెరుగు బూజుయొక్క సూక్ష్మబీజములను మనమందఱమును నిత్యము పీల్చుచునే యున్నాము. ఆరోగ్యవంతుని దేహమందలి రక్షకకణములు వానిని చడిచప్పుడు లేకుండ మట్టుపెట్టును. కాని మధుమేహము అదుపుతప్పినవారియందును, రక్తక్యాన్సరుకు చికిత్స పొందువారియందును, పరుల మూత్రపిండమును ధరించి రోగనిరోధకశక్తి నణచు మందులు సేవించువారియందును ఆ కావలి సడలినప్పుడు, శిలీంధ్రము రక్తనాళములను మూసివేయుచు ముక్కునుండి కంటికిని, కంటినుండి మెదడునకును ప్రాకవచ్చును. మ్యూకర్‌మైకోసిస్ అను ఈ వ్యాధి బహు అరుదని జనులు తలంచుచుండగా, 2021లో కోవిడు రెండవ విజృంభణమున, స్టెరాయిడ్ల వాడుకయు మితిమీరుటచేత, జూన్ నెలాఖరునకే మన దేశమున 40,000కు పైబడిన మ్యూకర్‌మైకోసిస్ రోగులు లెక్కకు వచ్చిరి. దీని చికిత్సకు వాడు ఆంఫోటెరిసిన్ మందు దొరకుటయే గగనమైనది. చక్కెరవ్యాధిగల శ్రోతలు చెంప తిమ్మిరెక్కినను, ముక్కున నల్లని స్రావము కనబడినను ఒక్కదినమైనను జాగుసేయక వైద్యుని దర్శింతురు గాక.