సింగరేణి జీతం చీటీ, మన జీతం చీటీ

(పోయిన శుక్రవారం క్యాంపు మెస్ హాల్లో సైట్ సూపర్‌వైజర్ అన్న చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ల కోసం గ్రూపులో పెడుతున్నాం.)

నేను చదివింది పదో తరగతి. మైకు పట్టుకుని మాట్లాడటం నాకు అలవాటు లేదు, సైటు మీద అరవడం ఒక్కటే అలవాటు. తప్పులుంటే ఏమనుకోకండి.

పోయిన నెల మా బావ వాట్సాప్‌లో తన జీతం చీటీ ఫోటో పంపిండు. మా బావ గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేస్తడు, పర్మినెంటు. ఆ ఫోటో రూములో చూపిస్తే ఒక తమ్ముడు అన్నడు, "వాళ్లకేందన్నా, సర్కారు నౌకరి, సర్కారు ఇస్తది, తింటరు" అని. ఆ మాట దగ్గరే నాకు కొంచెం మంట పుట్టింది. అందుకే ఇవాళ ఈ సంగతి ఎత్తుకున్న.

ఎవ్వరూ ఊరికే ఇయ్యలేదు తమ్మీ. సింగరేణిలో రాష్ట్ర సర్కారు వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. కానీ జీతం ఎంత ఉండాల్నో అటు హైదరాబాదు గాని, ఇటు ఢిల్లీ గాని ఒక్కళ్లే కూర్చుని రాయరు. బొగ్గు కార్మికులకు జేబీసీసీఐ అని ఒక కమిటీ ఉంది. ఒక దిక్కు యాజమాన్యాలు, ఒక దిక్కు కార్మిక సంఘాలు కూర్చుంటయి. కోల్ ఇండియాకు, సింగరేణికి కలిపి ఒకటే ఒప్పందం. మనోళ్లు దాన్నే వేజ్‌బోర్డు అంటరు. పదకొండో వేజ్‌బోర్డు 2021 జూలై 1 నుంచి అమలు కావాలె. యాజమాన్యం మొదట 3 శాతం దగ్గర నిలబడ్డది. సంఘాలు 50 శాతం దాకా అడిగినయి. మీటింగు మీద మీటింగు అయింది. 2023 జనవరిలో 19 శాతం దగ్గర కుదిరింది, మే 20న సంతకాలయినయి. అలవెన్సులు 25 శాతం పెరిగినయి. సంతకం ఆలస్యమైనా పాత బాకీ పోలేదు, 23 నెలల ఏరియర్స్ లెక్కగట్టి ఇచ్చిన్రు. మా బావ ఆ పైసలతోనే ఇంటి మీద స్లాబు ఏసిండు.

ఇంకొకటి, లాభాల వాటా. 2023-24 సంవత్సరానికి కంపెనీ పక్కన పెట్టుకున్నది పోను మిగిలిన లాభంలో 33 శాతం కార్మికులకు పంచిన్రు. మొత్తం 796 కోట్లు, ఒక్కొక్కరికి సగటున లక్షా తొంభై వేలు. ఏటా దసరా ముందు ఈ శాతం ఎంతని ఖనిలో చాయ్ హోటళ్ల కాడ పంచాయితీ నడుస్తది. పండుగ కన్నా అదే పెద్ద పండుగ.

సంఘాలు కూడా ఏమంత పవిత్రమైనవి కావు, అది కూడా చెప్తున్న. ఒకప్పుడు సింగరేణిలో లెక్కలేనన్ని సంఘాలు, పొద్దున ఒక సమ్మె, మాపటికి ఇంకో సమ్మె. ఎవరితోని మాట్లాడాల్నో తెలియని పరిస్థితి. 1998 నుంచి రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టినంక మాట్లాడే మనిషి ఎవరో తేలింది. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. అంతకుముందు రెండుసార్లు టీబీజీకేఎస్. నచ్చని సంఘాన్ని దింపుతున్నరు, నచ్చినదాన్ని ఎక్కిస్తున్నరు. ఓటు ఉంటే నాయకుడికి కూడా కొంచెం భయం ఉంటది.

ఇప్పుడు రెండో ఫోటో సంగతి. మా చిన్న తమ్ముడు కూడా ఖనిలోనే, కానీ కాంట్రాక్టు. అదే దుమ్ము, అదే ఎండ. వానికి వేజ్‌బోర్డు లేదు. 2022 సెప్టెంబర్‌లో కాంట్రాక్టోళ్లు పద్దెనిమిది రోజులు సమ్మె చేసిన్రు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలున్నయి, మాకు కూడా అవే కావాలని అడిగిన్రు. ఆ పద్దెనిమిది రోజులు ఇంటి ఖర్చుకు నేనే ఇక్కడి నుంచి పైసలు పంపిన. 2024లో మొదటిసారి కాంట్రాక్టోళ్లకు కూడా లాభంలోంచి ఐదు వేలు ఇచ్చిన్రు. బావకు లక్షా తొంభై, తమ్మునికి ఐదు వేలు. ఒకే ఇంట్ల, ఒకే దసరాకు. మా అమ్మ ఇద్దరికీ ఒకటే చాయ్ పోస్తది, ఏం మాట్లాడదు.

మనం ఆ తమ్ముని జాగలో ఉన్నోళ్లం. అందుకే మన చీటీ దిక్కు చూద్దాం.

ఖతర్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస జీతం బేసిక్ 1000 రియాల్. రూము కంపెనీ ఇయ్యకపోతే 500, తిండి ఇయ్యకపోతే 300 అదనం. ఏడాది దాటినోళ్లకు సర్వీసు పైసలు ఏడాదికి మూడు వారాల జీతం. ఈ మూడు వారాలు బేసిక్ మీద లెక్క, చేతికొచ్చే మొత్తం మీద కాదు. ఓవర్‌టైం కూడా బేసిక్ మీదనే, 25 శాతం కలిపి.

ఇది నాకు దెబ్బ తగిలినంకనే తెలిసింది. నా మొదటి కంపెనీలో నెలకు 1500 అని చెప్పిన్రు. చీటీలో బేసిక్ 600, మిగతా 900 అలవెన్సు. తొమ్మిదేండ్లు నేను ఆ చీటీ చదవలే. నెలనెలా 1500 వచ్చింది, చాలనుకున్న. 2017లో ఇంటికి పోయేటప్పుడు సర్వీసు పైసలు 9,450 వస్తయని లెక్క వేసుకున్న, చెల్లె పెండ్లికి మాట ఇచ్చిన. చేతిల పెట్టింది 3,780. ఆఫీసులో అడిగితే నేను సంతకం పెట్టిన కాగితమే చూపెట్టిన్రు. తప్పు లెక్క కాదు. బేసిక్ ఎంతుండాలని అడిగే మనిషి మా దిక్కున ఎవ్వడూ లేకుండె, అంతే.

ఇక్కడ మనం సంఘం పెట్టుకునే హక్కు లేదు. సమ్మె మాట ఎత్తకండి, దాంతో ఇంటికి పంపుతరు. కానీ 30 మంది గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉన్న కంపెనీలో జాయింట్ కమిటీకి చట్టంలో జాగ ఉంది. సగం మంది యాజమాన్యం, సగం మంది కార్మికులు ఓటేసి పంపినోళ్లు. ఆ కమిటీ వేజ్‌బోర్డు కాదు, జీతం పెంచుతదని నేను అబద్ధం చెప్పను. భద్రత, పని పద్ధతి, శిక్షణ, ఇట్లాంటివి మాట్లాడతది. కానీ ఎదురుగ కూర్చుని అడిగే కుర్చీ ఒకటి దొరుకుతది. బస్సులో ఏసీ, రూముకు ఎంతమంది, జీతం చీటీ మన భాషలో ఇయ్యాలె, ఇవన్నీ అక్కడ అడగొచ్చు.

ఒక మాట ఒప్పుకోవాలె. మన కంపెనీలో పోయినసారి ఈ ఎన్నిక పెట్టినప్పుడు నా గ్యాంగులోని ఇద్దరు పేరు ఇస్తామని వచ్చిన్రు. "ఎందుకురా లేనిపోని తలనొప్పి, పని చూసుకోండి" అని నేనే ఆపిన. నాకు భయమైంది, నా కుర్చీకి ఏమన్నా అయితదేమో అని. ఆ ఇద్దరూ ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నరు. తమ్మీ, నాదే తప్పు.

ఈసారి మన క్యాంపు నుంచి తెలుగు తెలిసినోళ్లు, హిందీ కొంచెం మాట్లాడగలిగినోళ్లు ఒక ముగ్గురైనా నిలబడాలె. నేను సూపర్‌వైజర్‌ను కాబట్టి నిలబడను, అది మీ కుర్చీ. ఫారం నింపడానికి రాత్రి ఎనిమిది తర్వాత నా రూముకు రండి. వచ్చేటప్పుడు జీతం చీటీ కూడా తెచ్చుకోండి, బేసిక్ ఎక్కడ రాసి ఉందో చూపిస్త. పేర్లు ఇయ్యడానికి గడువు వచ్చే గురువారం వరకే ఉంది.