ఉప్పునీళ్ళలో పచ్చటి తొట్టి



ఒంగోలుకు పడమరగా ఉన్న పొదిలి చుట్టుపక్కల చాలా ఇళ్ళలో నీళ్ళు రెండు రకాలు. తాగడానికి తెప్పించుకునే మంచినీళ్ళ టిన్ను ఒకటి, మిగతా అన్నిటికీ బోరు నుంచి వచ్చే ఉప్పునీళ్ళు. ఆ ఉప్పునీళ్ళతో పప్పు తొందరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. అవే నీళ్ళు పోసి చేపల తొట్టి పెట్టి, నెల తిరక్కుండానే చేపలన్నీ పోగొట్టుకుని, తొట్టిని అటకెక్కించినవాళ్ళు మనలో తక్కువేం కాదు. తప్పు నీళ్ళది అనుకుంటారు. నన్నడిగితే తప్పు చేపను ఎంచుకోవడంలో ఉంది. అమెజాన్ అడవి కాలువల్లో సున్నం ఎరగని నీటిలో పుట్టిన చేపను తెచ్చి మన బోరునీళ్ళలో వేస్తే అది ఎట్లా బతుకుతుంది? ఈ నీళ్ళను ఇష్టపడే చేపలు వేరే ఉన్నాయి. అవి ఉప్పుటేర్ల చేపలు. వాటికోసం, మొక్కలతో సహా, ఇంట్లో ఒక తొట్టి ఎట్లా పెట్టుకోవచ్చో ఈ రోజు మాట్లాడుకుందాం.

ఉప్పుటేటి నీళ్ళు ఎట్లా ఉంటాయో చూడాలంటే, పొదిలి నుంచి తూర్పుకు బయల్దేరి ఒంగోలు దాటి కొత్తపట్నం వైపు వెళ్తే బకింగ్‌హామ్ కాలువ అడ్డం వస్తుంది. పెదగంజాం దగ్గర మొదలై తమిళనాడు దాకా సముద్రం ఒడ్డు వెంబడే సాగే కాలువ ఇది. 1877-78 కరువులో పనిలేని జనానికి కూలి ఇచ్చి దీని పనులు చేయించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి నిలిచిపోయింది. ఒకప్పుడు పడవల మీద ఉప్పూ, ధాన్యమూ, కట్టెలూ మోసిన ఆ కాలువలో ఉన్నది పూర్తిగా సముద్రపు నీరూ కాదు, పూర్తిగా ఏటి నీరూ కాదు. గుండ్లకమ్మ, మూసి, పాలేరు సముద్రంలో కలిసేచోట నీళ్ళూ ఇంతే. వానాకాలంలో ఏరు పొంగితే చప్పబడతాయి, ఎండాకాలంలో ఉప్పెక్కుతాయి. ఇంకా దక్షిణానికి వెళ్తే పులికాట్ సరస్సు. దేశంలో చిలికా సరస్సు తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎండాకాలంలో అందులో కొన్నిచోట్ల ఉప్పు సముద్రాన్ని కూడా మించిపోతుంది. ఇంత ఎగుడుదిగుళ్ళు తట్టుకున్న చేపలు కాబట్టే ఇవి మొండివి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మన తొట్టికి కావలసింది అందులో సుమారు పదోవంతు, అంటే లీటరుకు 3 నుంచి 5 గ్రాములు. అంతకు మించితే చాలా మొక్కలు నిలవవు. పచ్చని తొట్టి కావాలంటే ఈ గీత దాటకూడదు.

దీన్ని కొలవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. రొయ్యల చెరువుల రైతులు పొద్దున్నే గట్టు మీద నిలబడి ‘సెలినిటీ ఎంతుంది’ అని అడుగుతుంటారు చూడండి, వాళ్ళ చేతిలో ఉండే పరికరమే మనకూ పనికొస్తుంది. రిఫ్రాక్టోమీటర్ అంటారు. జానెడు గొట్టం, చివర ఏటవాలుగా నీలం రంగు అద్దం. అద్దం మీద రెండు చుక్కల నీళ్ళు వేసి, పైన ప్లాస్టిక్ మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి చూస్తే లోపల పైన నీలంగా, కింద తెల్లగా కనిపిస్తుంది. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉంటే అదే ఉప్పు లెక్క. ముందుగా మంచినీళ్ళ చుక్క వేసి సున్నా దగ్గరకు సరిచేసుకోవాలి. ఒంగోలు, సింగరాయకొండ వైపు రొయ్యల మేత, మందులు అమ్మే ఆక్వా దుకాణాల్లో ఇదీ, అమ్మోనియా చూసే కిట్లూ దొరుకుతాయి. అక్వేరియం దుకాణాలవాళ్ళు వీటి పేరెత్తరు. రొయ్యల రైతు మాత్రం ఇవి లేకుండా చెరువు గట్టు ఎక్కడు.

బోరునీళ్ళ సంగతి కూడా చూసుకోండి. వాటర్ ప్లాంటు అబ్బాయి దగ్గర పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. అది 1500 చూపిస్తే లీటరులో ఒకటిన్నర గ్రాముల లవణాలు ఇప్పటికే కరిగి ఉన్నాయని అర్థం. మనం తాగడానికి 500 లోపు ఉంటే మేలంటారు. ఉప్పుటేటి చేపకు ఆ 1500లో ఉన్న సున్నమూ, మెగ్నీషియమూ బలం. మన పొదిలి ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న ఫ్లోరైడు మాటేమిటని మీరు అడగొచ్చు. సముద్రపు నీటిలోనూ లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటుంది. ఈ చేపలకు అది కొత్తేం కాదు.

ఇక తొట్టి. మూడడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్నది సరిపోతుంది. నిండా పోస్తే 130 లీటర్లు పడుతుంది, ఇసుకా రాళ్ళూ పోను నికరంగా 110 ఉంటాయి. నీళ్ళు, ఇసుక, అద్దం అన్నీ కలిస్తే ఒకటిన్నర క్వింటాలు దాటుతుంది కనక బల్ల గట్టిదై ఉండాలి. వాస్తు ప్రకారం ఈశాన్యంలో పెట్టేవాళ్ళు కిటికీని కూడా చూసుకోండి. ఉదయపు ఎండ తిన్నగా పడిందా, పదిరోజుల్లో అద్దమంతా పాచే. అడుగున బాగా కడిగిన ఏటి ఇసుక రెండంగుళాలు, మధ్యలో గుప్పెడు గుల్లలు. నీళ్ళు పుల్లబడకుండా గుల్ల మెల్లగా కరుగుతూ కాపు కాస్తుంది. ఫిల్టరు ఖరీదైనది అక్కర్లేదు, గాలి మోటారుతో నడిచే స్పాంజి ఫిల్టరు చాలు.

ఉప్పు ఏది వేయాలన్నదే అందరూ అడిగే ప్రశ్న. సముద్రపు చేపల తొట్లకోసం అమ్మే మెరైన్ సాల్ట్ అన్నిటికన్నా మంచిది. అందులో సోడియం క్లోరైడుతోపాటు సముద్రంలో ఉండే మిగతా లవణాలూ ఉంటాయి. అది దొరకకపోతే, ముందు చెప్పబోయే మోలీల వంటి చేపలకు మన గట్టి బోరునీళ్ళలో మామూలు కల్లుప్పు వేసినా నడుస్తుంది. సున్నం, మెగ్నీషియం బోరే ఇస్తుంది కదా. ఒక్కసారిగా గుమ్మరించకండి. ఉప్పును బక్కెట్టులో కరిగించి, వారానికి లీటరుకు ఒక గ్రాము చొప్పున పెంచండి. మొక్కలు ఆలోగా అలవాటు పడతాయి.

మొక్కల్లో మొదటిది జావా ఫెర్న్. దాని దుంపను ఇసుకలో పాతిపెడితే కుళ్ళిపోతుంది, రాయికో మొద్దుకో దారంతో కట్టాలి. రెండోది వాలిస్నేరియా, రిబ్బన్లలాంటి పొడుగాటి ఆకులు. ఉప్పు తగలగానే మొదట పాత ఆకులు కరిగిపోతాయి. చచ్చిపోయిందని పీకేయకండి, వేరు బతికుంటే కొత్త ఆకు వస్తుంది. మూడోది బకోపా, ఆయుర్వేదంలో బ్రాహ్మి అనేది. మన సరస్వతి ఆకు వేరు, ఇది వేరు. తేమ నేలల్లో, తీరం వెంబడి చవుడు తగిలేచోట కూడా పెరిగే మొక్క. క్రిప్టోకొరైన్ సిలియాటా దొరికితే అదృష్టమే, అది మడ అడవుల అంచుల్లో సహజంగా పెరిగేది. రోజుకు ఏడెనిమిది గంటల దీపం వీటన్నిటికీ చాలు.

ఇప్పుడు చేపలు. దుకాణంలో మోలీని ఎప్పుడైనా దగ్గరగా గమనించారా? నిలుచున్న చోటే, ముందుకు పోకుండా, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతుంటుంది. ఆడుకుంటోందని పిల్లలు సంబరపడతారు. అది ఆట కాదు, తరచుగా నీటిలో లవణాలు చాలక వచ్చే జబ్బు. అదే చేపను కాస్త ఉప్పున్న గట్టి నీళ్ళలోకి మెల్లగా మార్చితే చాలాసార్లు తేరుకుని ఈదడం మొదలుపెడుతుంది. మెక్సికో తీరప్రాంతాల చేప అది, సముద్రపు నీటిలో కూడా బతకగలదు. ఆకుల మీద పాచిని గీరి తింటుంది కనక మొక్కలకూ మేలే.

నాకు మటుకు అసలైన అందం ఆరెంజ్ క్రోమైడ్‌ది. దక్షిణ భారతదేశం, శ్రీలంకల ఉప్పుటేర్లే దాని పుట్టిల్లు. అరచేతిలో సగం ఉండే పసుపుపచ్చ చేప, పక్కన నల్లటి మచ్చ. సిక్లిడ్ కుటుంబంలో వందలకొద్దీ జాతులు ఆఫ్రికాలో, అమెరికా ఖండాల్లో ఉంటే ఇండియాలో సహజంగా ఉన్నవి మూడే. అందులో ఇదొకటి. కేరళ రాష్ట్ర చేప అయిన కరిమీన్ ఇంకొకటి. వీటి దగ్గరి చుట్టాలు మడగాస్కర్‌లో ఉన్నాయి. ఆడా మగా కలిసి గుడ్లకు కాపలా కాస్తాయి. పిల్లలు పుట్టాక చూడాలి: చిన్న చుక్కల్లాంటి పిల్లలు గుంపుగా వచ్చి తల్లిదండ్రుల ఒంటికి మూతి తాకించి, మళ్ళీ జారుకుంటూ ఉంటాయి. పెద్దచేప ఒంటి మీది జిగురే వాటికి మేత. నీళ్ళలో పెద్ద కరిమీన్ కనిపిస్తే ఈ చిన్న క్రోమైడ్ దాని ఒంటి మీది పరాన్నజీవులను ఏరి శుభ్రం చేస్తుందని 1972లోనే శాస్త్రవేత్తలు రాశారు.

మూడడుగుల తొట్టిలో ఐదు క్రోమైడ్లు, ఆరు మోలీలు, ఆరు అద్దపు చేపలు. అంతకు మించవద్దు. అద్దపు చేప ఒంట్లోంచి ఎముకలు కనిపిస్తాయి, అదే దాని సొగసు. గులాబీ, ఆకుపచ్చ చారలున్నవి అమ్మితే కొనకండి. అది సూదితో ఒంట్లోకి రంగు ఎక్కించిన చేప, ఎక్కువ కాలం బతకదు. స్కాట్ అనే మచ్చల చేప, కరిమీన్, రెండూ ఉప్పుటేటివే అయినా ఈ తొట్టికి కుదరవు. మొక్కల్ని తినేస్తాయి, పైగా అడుగు దాకా పెరుగుతాయి. పఫర్ చేప తోటి చేపల రెక్కలు కొరుకుతుంది.

చేపల్ని మొదటిరోజే వేయకండి. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా తొట్టిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా రోజూ చిటికెడు మేత వేస్తూ, కిట్‌తో చూస్తూ, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే చేపల్ని దించాలి.

మన ఎండల్లో తప్పకుండా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో తొట్టిలో నీళ్ళు కళ్ళెదుటే తగ్గిపోతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. చినగంజాం ఉప్పు మళ్ళు నడిచేది ఈ సూత్రం మీదే. తగ్గిన మేరకు మళ్ళీ బోరునీళ్ళు పోశారంటే ఉప్పు రోజురోజుకూ పెరిగిపోతుంది. అందుకని తగ్గినదానికి టిన్నులోని మంచినీళ్ళే పోయాలి. వారానికోసారి పాత నీళ్ళు అయిదోవంతు తీసి మార్చేటప్పుడు మాత్రం ఉప్పు కలిపిన బోరునీళ్ళు పోయాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి దగ్గరుంచుకోండి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది.

మరొకటి, పత్తి, మిర్చి పండించే ఇళ్ళవాళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. చేలో కొట్టే మందుల్లో పైరెత్రాయిడ్ రకాలు చేపకు మనిషికన్నా ఎన్నో రెట్లు విషం. మందు కొట్టి వచ్చి, ఎంత కడిగినా సరే, ఆ చేతిని ఆ రోజు తొట్టిలో పెట్టవద్దు. ఇంట్లో వెలిగించే దోమల మందులో ఉండేదీ అదే జాతి విషం. గాలి మోటారు పక్కన దాన్ని పెడితే పొగ తిన్నగా నీళ్ళలోకే పోతుంది. పొలం కాలువలోని మొక్కల్ని కూడా ఇదే కారణంతో తేవద్దు.

ఈ చేపల్ని తీరంలో పట్టుకొచ్చేకన్నా పెంచినవాటిని కొనడమే మంచిది. చెన్నైలో 1987 నుంచి పనిచేస్తున్న కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ ఉప్పుటేటి చేపల పిల్లల్ని ఉత్పత్తి చేసే పద్ధతులు రూపొందించింది. చెన్నైలోని కొళత్తూరు అలంకార చేపల బజారు దేశంలోనే పేరున్నది. మోలీలు ఒంగోలు దుకాణాల్లోనూ దొరుకుతాయి కనక వాటితోనే మొదలుపెట్టండి, ఆర్నెల్లు నిలబెట్టాక క్రోమైడ్ల కోసం వెతకండి.

చివరగా ఒక విన్నపం. పెంచలేకపోతే చేపల్ని దుకాణంలో తిరిగి ఇచ్చేయండి, లేదా తెలిసినవాళ్ళకు ఇవ్వండి. ఊరి చెరువులో, ఏట్లో మాత్రం వదలకండి. ఎవరో తొట్టిలోంచి తీసి వదిలిన సక్కర్ చేపలు ఈ రోజు మన చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్నాయి.