కొమ్మ, బొమ్మ, దేవకన్య

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆయన్ని అందరూ డ్రాయింగు అయ్యవారనే పిలిచేవాళ్ళు. నేనూ అలాగే అంటాను. ఆయన పద్ధతి మీకు తెలిసిందే. వాచకంలో ఏ గేయం వచ్చినా ముందు పాడించేవారు, ఆ తర్వాత బొమ్మ గీయమనేవారు. చెట్టు గీయమంటే పుల్లకు గుచ్చిన పీచుమిఠాయి లాంటిదేదో గీసుకొచ్చిన పిల్లవాణ్ణి బయటికి పంపి, ఆకు కోసుకు రమ్మనేవారు. "ఏం చెట్టో తెలీకుండా చెట్టెట్లా గీస్తావురా?" అనేవారు.

దేవకన్యల పాటలూ వాటి పక్కన అచ్చయిన బొమ్మలూ పిల్లల్ని ఎందుకంతగా పట్టేస్తాయో చెప్పమని నిర్వాహకులు అడిగారు. అయ్యవారి ప్రశ్నలోనే దానికి జవాబు ఉందని నా నమ్మకం. కంటికి కనిపించని మనిషిని పిల్లలు నమ్మాలంటే, ఆమె కూర్చున్న కొమ్మ నిజమైన కొమ్మ అయివుండాలి. పాట దేవకన్యను పిలుచుకొస్తుంది. ఆమెకు చోటిచ్చేది బొమ్మ. చెట్టు అబద్ధమైతే చెట్టు మీది అమ్మాయి కూడా అబద్ధమైపోతుంది. ఈ సంగతి ప్రపంచంలో ఎక్కడెక్కడ రుజువైందో, మన దగ్గర ఎంతవరకు వచ్చి ఆగిందో చెప్పి నా మాట ముగిస్తాను.

ముందుగా ఇంగ్లండు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి మూడు రంగుల ఫొటో బ్లాకుల అచ్చు అందుబాటులోకి వచ్చింది. అప్పటిదాకా చిత్రకారుడు వేసిన నీటిరంగు బొమ్మను ఉన్నదున్నట్టు పుస్తకంలోకి తేవడం కష్టం. ఆ కష్టం తీరగానే పిల్లల పుస్తకం రూపమే మారిపోయింది. 1906లో ఆర్థర్ రాకమ్ 'పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్'కు బొమ్మలు వేశాడు. ఆయన మానులకు ముడతలుంటాయి, వేళ్ళు ఉంటాయి. ఆ వేళ్ళ సందుల్లో చిన్న చిన్న మనుషులు మసులుతుంటారు.

తర్వాత సిసిలీ మేరీ బార్కర్. 1895లో లండన్ దగ్గర క్రాయిడన్‌లో పుట్టింది. చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి. అందుకని బడికి పంపలేదు, చదువంతా ఇంట్లోనే. 1923లో బ్లాకీ కంపెనీ ఆమె పూల దేవకన్యల పుస్తకాల్లో మొదటిదాన్ని అచ్చువేసింది. పాటలూ ఆమెవే, బొమ్మలూ ఆమెవే. అక్క డొరొతీ నడిపిన చిన్నపిల్లల బడిలోని పాపల్ని కూర్చోబెట్టి మొహాలు గీసింది. మొక్కల్ని మాత్రం ఎదురుగా పెట్టుకుని, వృక్షశాస్త్రం పుస్తకానికి గీసినంత జాగ్రత్తగా గీసింది. 1940లో చెట్ల దేవకన్యల పుస్తకం వచ్చింది. బయట యుద్ధం. లోపలి పుటల్లో ఒక్కో చెట్టుకూ ఒక్కో పాప. ఆ చెట్టు ఆకే ఆ పాప గౌను, ఆ చెట్టు కాయే నెత్తిన టోపీ. రెక్కలొక్కటే కల్పన, మిగిలిందంతా తోటలోకి వెళ్ళి సరిచూసుకోదగినదే. అసలు కిటుకు అక్కడుంది. పుస్తకం మూసిన పిల్ల చెట్టు దగ్గరికి పరుగెత్తుతుంది. దేవకన్య కనబడకపోయినా ఆకు దొరుకుతుంది. ఆకు సరిపోయింది కదా, ఆమె కూడా ఇక్కడే ఎక్కడో ఉండాలి అనుకుంటుంది.

ఈ నమ్మకం పెద్దవాళ్ళను కూడా ఎంత దూరం తీసుకుపోయిందో చెప్పే వింత ఒకటి ఉంది. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ అనే ఊళ్ళో ఇద్దరు అమ్మాయిలు వాగు పక్కన దేవకన్యలతో ఫొటోలు దిగారు. దివ్యజ్ఞాన సమాజానికి చెందిన ఎడ్వర్డ్ గార్డ్‌నర్ వాటిని నమ్మాడు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మి, 1920లో 'స్ట్రాండ్' పత్రికలో వ్యాసం రాశాడు. 1983లో గానీ ఆ అమ్మాయిలు, అప్పటికి ముసలమ్మలైపోయి, నిజం ఒప్పుకోలేదు. 1914లో వచ్చిన ఒక పిల్లల కానుక పుస్తకంలో దేవకన్యల పాటకు వేసిన బొమ్మను చూసి గీసి, కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టారట! ప్రపంచాన్ని అరవై ఏళ్ళకు పైగా తికమకపెట్టింది ఒక పాట పక్కన అచ్చయిన బొమ్మ. అందులో చెట్లూ గడ్డీ వాగూ నిజమైనవి కాబట్టే ఆ కాగితం ముక్కలకు ప్రాణం వచ్చింది.

దివ్యజ్ఞాన సమాజం అనగానే మన రాయలసీమలోని మదనపల్లె గుర్తుకు రావాలి. ఆ సమాజం నేత అనీబిసెంట్ 1915లో అక్కడ కళాశాల పెట్టించారు. దానికి ప్రిన్సిపాల్‌గా వచ్చిన జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. డబ్లిన్‌లో కవి యేట్స్ తోటి సాహిత్యోద్యమంలో తిరిగినవాడు. ఆ యేట్స్ 1888లోనే ఐరిష్ పల్లెల దేవకన్యల కథల్ని పుస్తకంగా కూర్చాడు. ఆ గాలి పీల్చి వచ్చిన కజిన్స్ దగ్గరికి 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చినవారు రవీంద్రనాథ ఠాగూరు. ఆ రోజుల్లోనే ఆయన 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చారని, మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరపరిచి రాసుకున్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. అయితే ఆ అతిథి ఆరేళ్ళ ముందే దేవకన్యలూ చెట్లూ ఉన్న బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చారన్న సంగతి అంతగా తలుచుకోం.

1913లో మాక్మిలన్ అచ్చువేసిన 'ది క్రెసెంట్ మూన్' పిల్లల లోకం గురించిన కవితల పుస్తకం. బెంగాలీ 'శిశు'లోని పాటలే ఎక్కువ. అందులో ఒక పసివాడు సంపెంగపూవై కొమ్మ మీద కూర్చుని అమ్మను ఆటపట్టిస్తాడు. ఒకచోట చెరువుగట్టు మర్రిమానును, ఆ చిన్న పిల్లవాణ్ణి మరిచిపోయావా అని పలకరిస్తాడు కవి. దేవకన్యల రాజ్యం ఎక్కడుందో అమ్మ చెవిలో చెప్పే పిల్లాడూ ఉన్నాడు. ఆ రాజ్యం మేడ మీద తులసి కుండీ ఉన్న మూలనే ఉందంటాడు. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హాల్దార్ లాంటి చిత్రకారులు వేసిన రంగు బొమ్మలు ఆ పుస్తకంలో ఉన్నాయి. బార్కర్ కంటే పదేళ్ళు ముందు! ఠాగూరు దేవకన్య కోసం సముద్రాలు దాటలేదు. తులసి కుండీ దగ్గరే వెతికారు. నాకు అది చాలా పెద్ద పాఠం.

మరి మన దగ్గర? దేవకన్యలకు కరువేమీ లేదు. మన పల్లెల్లో బావి దగ్గర, చెరువుకట్ట మీద, మాను మొదట ఏడు రాళ్ళు నిలబెట్టి పసుపు కుంకుమ పెడితే వాళ్ళే అక్కగార్లు. తిరుమల ఘాట్ రోడ్డులో అక్కగార్ల గుడి దగ్గర ఈనాటికీ డ్రైవర్లు బండి ఆపి దండం పెట్టుకునే ముందుకు కదులుతారు. రావిమానుకూ వేపమానుకూ పెళ్ళి చేసిన జనం మనం. చెట్టులో మనిషిని చూడటం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పాటలకూ కొదవ లేదు. చంద్రుణ్ణి పిలిచే పాటలు, జోలలు తిరుమల కొండ చుట్టూనే అన్నమయ్య పేరుతో కూడా నిలిచాయి. ఆయన సంకీర్తనల రాగిరేకుల మీద తిరుపతిలో పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, అంతటి పరిశోధకులు, పసివాళ్ళ పాటల్నీ పలుకుల్నీ 'బాలభాష'గా కూర్చారు. తాళపత్రాలు చదివిన కళ్ళకు పిల్లల పాట తక్కువగా కనిపించలేదు.

ఇక బొమ్మ. పాటకూ కథకూ బొమ్మ కట్టడం అచ్చుయంత్రం మనకు నేర్పలేదు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ చూడండి. రామాయణం వరసలు వరసలుగా గీసి, బొమ్మ కింద తెలుగులో కథ రాస్తారు. చదవగలిగినవాడు చదువుతాడు, చదవలేనివాడు చూస్తాడు. ఆ గుడ్డ మీదికి చెట్టు ఊరికే బొమ్మగా మాత్రమే రాదు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డను తడిపి ఆరబెడతారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీత గీస్తారు. వెదురుపుల్లే కలం. ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన ద్రవంతో నలుపు వస్తుంది. అడుగంటుతున్న ఈ విద్యకు 1950ల చివర కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది, పని మళ్ళీ నిలదొక్కుకుంది. కాని ఆ కలం పిల్లల పుస్తకం వైపు తిరగలేదు. దేవుళ్ళ దగ్గరా, ఆ తర్వాత చీరల దగ్గరా ఉండిపోయింది.

పిల్లల పుస్తకం వేరే దారిన, మద్రాసు మీదుగా వచ్చింది. గిడుగు సీతాపతి, చింతా దీక్షితులు వంటివారు పిల్లల నోటికి పట్టే మాటలతో రాశారు. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, 'బాల' పత్రిక పెట్టారు. చిన్ననాటి బాపు బొమ్మ, ముళ్ళపూడి రమణ మొదటి కథ అచ్చయింది అందులోనే. పిల్లల పత్రికలో పిల్లలే గీయడం, పిల్లలే రాయడం చిన్న విషయం కాదు. రెండేళ్ళకు, 1947 జూలైలో, మన సీమ బిడ్డ బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 'చందమామ'ను తెచ్చారు. దాదాపు ప్రతి పుటకూ ఒక బొమ్మ. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య అనే పేర్లు ఇంటివాళ్ళ పేర్లయిపోయాయి. 1952లో చేరిన శంకర్ బేతాళుడి చెట్టును దశాబ్దాలపాటు గీశారు. ఆ చెట్టు కింద భయపడని తెలుగు పిల్ల ఉందా?

నేను 'చందమామ' భక్తుణ్ణే, అయినా ఒక మాట అనక తప్పదు. అక్కడ బొమ్మ వచన కథకు తోడైంది. పాట వెనక్కి తగ్గింది. ఆ అడవి చాలాసార్లు కథలో అడవే. ఊడలుంటాయి, తొర్రలుంటాయి, అందం ఉంటుంది. ఏం చెట్టని అడిగితే మాత్రం జవాబుండదు. మరోపక్క బడి వాచకంలో గేయం మిగిలింది గానీ, దాని పక్కన బొమ్మ బొటనవేలంత అయిపోయింది. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో తక్కువ ధరకు దొరికిన సోవియట్ పుస్తకాలు ఒక తరాన్ని రంగుల్లో ముంచెత్తాయి. వాటిలో మాను మానే, అయితే అది మంచు కురిసే దేశపు మాను. మన పిల్లలు బర్చ్ చెట్టును బొమ్మలో గుర్తుపట్టి, కానుగచెట్టు కింద నిలబడి దాని పేరు అడిగారు.

పాట, బొమ్మ, ఈ నేల మాను మూడూ ఒకే పుటలో కలవడం అంత అరుదు. దగ్గరగా వచ్చిన ప్రయత్నం మళ్ళీ మదనపల్లె పక్కనే జరిగింది. తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిని ఆకట్టుకున్న మర్రిమాను నీడలో పెరిగిన రిషివ్యాలీ బడి, చుట్టుపక్కల పల్లెబడుల కోసం తెలుగులో బొమ్మల కార్డులు తయారుచేసింది. పాఠంలోకి ఊరి పాటలూ ఊరి చుట్టూ ఉన్న ప్రకృతీ వచ్చాయి. ఒక్కో పిల్ల తన వేగంతో తను చదువుకుంది. ఇటీవల 'మంచి పుస్తకం' వంటి ప్రచురణకర్తలు బొమ్మల పుస్తకాలు ధైర్యంగా తెస్తున్నారు. దారి మూసుకుపోలేదన్నమాట.

మరి మన పుటల్లోకి ఏ చెట్లు రావాలి? కొన్ని చెబుతాను, కవులూ చిత్రకారులూ చెవి ఒగ్గాలి.

చింత. చీకటి పడగానే చింతాకు ముడుచుకుంటుంది. దయ్యాలుంటాయని పిల్లల్ని బెదిరించే చెట్టు నిజానికి తలుపులన్నీ మూసుకుని నిద్రపోతోంది. ఆ తలుపులు మూసే అమ్మాయి ఎవరు? పాట సగం అక్కడే తయారుగా ఉంది. బొమ్మలో పగటి ఆకు ఒక పక్క, రాత్రి ఆకు ఒక పక్క ఉండాలి. పిల్ల సాయంత్రం వెళ్ళి సరిచూసుకోవాలి.

జాలారి. దాని కాయకు రెక్కలుంటాయి. గాలికి గిరగిర తిరుగుతూ దిగుతుంది. దేవకన్యకు చిత్రకారుడు కొత్తగా రెక్కలు కల్పించనక్కర్లేదు, చెట్టే ఇస్తోంది.

పేరీత. ఈత అనుకుంటాం, కాని అది ఈతకన్నా ఎంతో పురాతనమైన వంశానిది. ఈ శేషాచలం కొండల ప్రాంతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా దానంతటది పెరగదు. ముసలి అక్కగారు ఎవరైనా ఉంటే ఆమె ఉండేది ఇందులోనే.

చివరికి ఎర్రచందనం. మన పిల్లలకు ఆ పేరు చెబితే దుంగలు, లారీలు, పోలీసులు గుర్తొస్తారు. పత్రికలో చూసేది అదే మరి. తిరుపతి బజారులో చెక్కబొమ్మగా చూస్తారు. ఆకు చూసినవాళ్ళు ఎందరు? మూడేసి ఆకులు కలిసి ఉంటాయని, పూలు పసుపుపచ్చగా ఉంటాయని, కాయ గుండ్రంగా చుట్టూ పలచని అంచుతో ఉంటుందని తెలిసిన పిల్లవాడికి ఆ చెట్టు విలువ కిలోల్లో తోచదు. నరికినవాడి మీద కేసు పెట్టడం ప్రభుత్వం పని. నరకకముందే ఆ చెట్టుకు ఒక మొహం ఇవ్వడం పాటకూ బొమ్మకూ చేతనవుతుంది.

దేవకన్యల మీద నమ్మకం మూఢత్వం కాదా అని సభలో ఎవరైనా అడగవచ్చు. పిల్లలు మనం భయపడేంత అమాయకులు కారు. ఏది ఆటో ఏది నిజమో వాళ్ళకు తెలుసు. కాటింగ్లీలో మోసపోయింది పిల్లలు కాదు, పెద్దలే! ఆటగా నమ్మిన దేవకన్య పదేళ్ళకు తనే వెళ్ళిపోతుంది. ఆమె కోసం వెతుకుతూ నేర్చుకున్న ఆకు, కాయ, బెరడు, చిగురు మాత్రం ఉండిపోతాయి. చెట్టు పేరు తెలిసిన మనిషి దాన్ని కొట్టించే ముందు ఒక్క క్షణమైనా ఆగుతాడు.

అందుకని ఈ స్మారక సంఘానికి ఒక విన్నపం. ప్రతి ఏటా ఇలాంటి సభ జరుపుతున్నారు, సంతోషం. ఉపన్యాసాలతోపాటు ఏడాదికి ఒక్క చెట్టు చొప్పున పాటా బొమ్మా ఉన్న చిన్న పుస్తకం తెండి. పాట ఇక్కడి కవి రాయాలి. బొమ్మ కాళహస్తి కలంతో పడితే మరీ మంచిది. రాసే ముందు కవీ చిత్రకారుడూ ఇద్దరూ ఆ చెట్టు కింద ఒక పూట కూర్చోవాలి. అచ్చయ్యాక దాన్ని ముందుగా పిల్లలకు చూపించి, బొమ్మలో ఆకు తప్పుందని ఒక్క పిల్ల అన్నా సరిచేసి మళ్ళీ అచ్చువేయాలి. మొదటి పుస్తకం చింతచెట్టుదే కానివ్వండి. ప్రతి ఊళ్ళో ఉంది, ఖర్చులేదు, పరీక్షించడానికి ఒక్క సాయంత్రం చాలు.