క్రొత్త వ్యవస్థ, పాత దస్త్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాసము)

 

గ్రంథాలయపు పండుగనాడు పుస్తకములను గూర్చి గాక కంప్యూటరును గూర్చి ప్రసంగమేల యని కొందఱికి తోచవచ్చును. తాళపత్రముల నాటి సంగతి యొకటి జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఆ శంక తీరును. తాటియాకు శాశ్వతము కాదు. పురుగు తొలుచును, చెమ్మ తగిలి చివుకును. కావుననే పూర్వపు లేఖకులు ప్రతికి ప్రతి వ్రాసి కావ్యములను నిలిపిరి. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను, లేఖకులను జీతములిచ్చి నిలుపుకొని, శిథిలమగుచున్న గ్రంథములకు కాగితముపై ప్రతులు వ్రాయించి, పాఠములను సరిపోల్పించెను. ఆకు మాఱినది, కావ్యము మిగిలినది. ప్రతి వ్రాయుటలో దొరలిన తప్పులును మిగిలినవి. పరిష్కర్తలు నేటికిని వానితో పెనగులాడుచునే యున్నారు.

కంప్యూటరులోని వ్రాతకును ఇప్పుడట్టి పునర్లేఖనకాలమే వచ్చినది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను నిర్వహణ వ్యవస్థకు, దానిని తయారుచేసిన మైక్రోసాఫ్టు వారి సాధారణ సంరక్షణ ముగిసినది. ఆ దినమునకు ఇండ్లలోను, కార్యాలయములలోను, గ్రంథాలయములలోను ఎన్నియో యంత్రములు దానిపైననే నడచుచుండెను.

నిర్వహణ వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టమ్, అనునదేమి? యంత్రము కచేరీ భవనము వంటిది. లెక్కలు వ్రాయు ప్రోగ్రాము, ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము మొదలగునవి పనిమీద కచేరీకి వచ్చు రైతుల వంటివి. ఏ దస్త్రము ఏ బీరువాలో నున్నదో, ఎవరికెంత చోటీయవలెనో, ప్రింటరు కడ ఎవరి వంతు ముందో నిర్ణయించి నడుపు గుమాస్తా యొకడుండవలెను. ఆ గుమాస్తాయే నిర్వహణ వ్యవస్థ. గుమాస్తా మాఱినంత మాత్రమున భవనము మార్చనక్కరలేదు. కాని క్రొత్తవాడు పాత దస్త్రములను చదువగలవాడై యుండవలెను. పూర్వము గ్రామమున కరణము మాఱినప్పుడు అడంగలు, చిట్టా మొదలు పటముల వఱకు జాబితా వ్రాసి, ఉభయులును చేవ్రాళ్ళు చేసి అప్పగింత జరుపుకొనెడివారు. ఇండ్లలో కంప్యూటరు మార్చునప్పుడు అంతమాత్రపు అప్పగింతయైనను జరుగుట అరుదు.

గడువు ముగిసెననగా యంత్రము ఆగిపోవునని కొందఱి భయము. ఆగలేదు గదా యని మఱికొందఱి ధైర్యము. రెండును సరికావు. యంత్రము నడచును, తలుపు గడియలో లోపము బయటపడినప్పుడు దానిని బాగుచేయు వడ్రంగి మాత్రము రాడు. 2017 మార్చి 14న అట్టి లోపమొకదానికి సవరణ వెలువడెను. రెండు నెలలు గడచినను ఎందఱో దానిని వేసికొనలేదు. మే 12న వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆ సందుననే చొరబడి, ఫైళ్ళను రహస్యలిపిలోనికి మార్చి, విడిచిపెట్టుటకు సొమ్మడిగెను. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలు కొన్ని రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడెను. 2014 ఏప్రిల్ 8ననే సంరక్షణ ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి సైతము ఆ విపత్తును జూచి ప్రత్యేకముగా సవరణ నిచ్చిరి. ప్రతిసారియు అట్టి దయ లభించునని కూర్చుండుట సంసారము నడుపువాని లక్షణము కాదు.

ఇక మార్గములు. విండోస్ 11 వెలువడినది 2021 అక్టోబరు 5న. అది కోరు నాలుగు గిగాబైట్ల మెమరీ, అఱువదినాలుగు గిగాబైట్ల నిల్వ పాత యంత్రములలోను సాధారణముగా నుండును. అడ్డుపడునవి వేఱు: టీపీఎమ్ 2.0 అను రక్షణ సాధనము, ఆమోదింపబడిన ప్రాసెసరు. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో ఇంచుమించుగా ఎనిమిదవ తరము మొదలుకొనియే ఆ పట్టికలో చేరినవి. అయితే కొన్ని యంత్రములలో టీపీఎమ్ ఉండియు నిద్రపుచ్చబడి యుండును. బయోస్ అమరికలలో దానిని మేల్కొల్పిన చాలును. ఈ సంగతి విచారింపకయే మంచి యంత్రమును పాతసామానుల వానికి తూకమునకు వేయుట తొందరపాటు. గృహస్థులకు 2026 అక్టోబరు 13 వఱకు, కార్యాలయములకు రుసుముపై మూడేండ్ల వఱకు, భద్రతా సవరణలకు పొడిగింపు ప్రకటింపబడినది. అది వాయిదాయే గాని పరిష్కారము గాదు. లినక్స్ మఱియొక త్రోవ. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఆ వ్యవస్థ వెలలేక లభించును; దాని ఆధారముగా సీ-డాక్ వారు బాస్ అను భారతీయ రూపమును సిద్ధపఱచిరి. ఉత్తరములు వ్రాసికొనుటకు, ఇంటర్నెట్టు చూచుటకు పాత యంత్రముపై అది చక్కగా నడచును. విండోసునకే నిర్మింపబడిన లెక్కల ప్రోగ్రాముపై బ్రతుకు ఆధారపడినవారు మాత్రము ముందుగా విచారించుకొనవలెను.

పనిచేయు చోట చిక్కు మఱింత లోతు. డాస్ కాలమున ఫాక్స్‌ప్రోలో వ్రాసిన ఖాతాల ప్రోగ్రాములు అంగళ్ళలోను, మిల్లులలోను చిరకాలము సేవచేసినవి. విండోస్ 10కు 32 బిట్ల రూపము కూడ నుండుటచే అవి యందు ఎట్లో నడచినవి. విండోస్ 11కు 64 బిట్ల రూపమొక్కటే కలదు. అందు డాస్ ప్రోగ్రాము నేరుగా నడువదు. డాస్‌బాక్సు వంటి అనుకరణ ప్రోగ్రాములో నడుపవచ్చును గాని, మార్చి నెలాఖరున ఖాతాలు ముగించు వేళ ఆ ప్రయోగమునకు దిగుట సాహసమే. పంట యింటికి చేరినంతనే, క్రొత్త ఖాతా తెఱచుటకు ముందే, చేయవలసిన పని యది.

అన్నిటికంటెను తెలుగువారికి కీడెక్కువగా జరుగుచున్న చోటు అక్షరము. యూనికోడు వ్యాపించుటకు పూర్వము తెలుగు ఫాంట్లు చేసినవారు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను దాచిరి. అందు అక్షరము అక్షరముగా నుండదు. తలకట్టొకచోట, కొమ్మొకచోట, వత్తు వేఱొకచోట ముక్కలై యుండును. ఆ ఫాంటున్నంత వఱకు పుటపై తెలుగే కనబడును. ఫాంటు లేని యంత్రములో అదే ఫైలు అర్థములేని రోమను అక్షరముల గుంపగును. యూనికోడులో నట్లు గాదు. 1991లో వెలువడిన తొలి యూనికోడునందే తెలుగునకు తనదైన స్థానములు లభించినవి: 3072 మొదలు 3199 వఱకు. అందు ‘క’కారము ఏ దేశమున, ఏ యంత్రములో తెఱచినను 3093వ సంఖ్యయే. 2001లో వచ్చిన ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును తనలో చేర్చుకొనెను. ఐనను ముద్రణాలయములలో పాత ఫాంట్ల వాడుక బహుకాలము సాగినది.

ఈ గ్రంథాలయపు దశమ వార్షికోత్సవ సంచిక అట్లే పాత ఫాంటులో కూర్పబడినది. ఊరి కుంటల, దిబ్బల, చేల పేర్లు అందు కలవు. వృద్ధస్త్రీలు చెప్పగా వ్రాసికొన్న దంపుళ్ళ పాటలును కలవు. చెప్పినవారిలో నేడెవరును లేరు. అచ్చుప్రతులు చెదలపాలు కాగా ఒక్కటి మిగిలెను. అందును చివరి నాలుగు పుటలు లేవు. నిరుడు క్రొత్త యంత్రము వచ్చినప్పుడు ఆ ఫైలును దానిలో తెఱవగా, పాటలున్న చోట బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకములు, రోమను అక్షరములు కనబడినవి. పాత యంత్రమును అమ్ముటకు బేరము కుదిరి యుండెను. ఒక కార్యకర్త యడ్డుపడి ఆపెను. ఆ ఫాంటు అందుండుటచే పుటలు మరల కనబడినవి.

తరువాత మార్పిడి ప్రోగ్రాము సహాయముతో ఫైలును యూనికోడులోనికి మార్చిరి. పని ముగిసెనని సంతోషించిరి గాని, అచ్చుప్రతితో పంక్తి పంక్తి సరిచూడగా ‘స్త్రీ’ వంటి సంయుక్తాక్షరములున్న చోట్ల వత్తులు తారుమాఱైనవి. శకటరేఫములు కొన్ని జాఱిపోయి ‘ఎఱ్ఱకుంట’ ‘ఎకుంట’ యైనది. కుంట పేరు తప్పినచో సరిహద్దు తప్పినట్లే గదా! అచ్చు దొరకని నాలుగు పుటలను పాత యంత్రపు తెఱపై చదువుచు, పాట చెప్పిన ముసలమ్మగారి కోడలికి వినిపించిరి. ఆమె రెండుచోట్ల, “మా అత్తగారు అట్లా అనేవారు కాదు” అని దిద్దినది. ఆ రెండును మార్పిడిలో పుట్టిన తప్పులు కావు; మొదట కూర్చిననాటివే.

ఆ పాటలిప్పుడు యూనికోడులో, రెండు వేర్వేఱు డిస్కులలో, ఒకటి గ్రంథాలయమునను ఒకటి కార్యదర్శి గారింటను ఉన్నవి. పుస్తకముల పట్టిక మాత్రమింకను సగమే మాఱినది. పాత యంత్రమును ఇంటర్నెట్టు నుండి తప్పించి వెనుక గదిలో నుంచిరి. దానికి ఫ్లాపీ తెఱచు సాధనము కూడ కలదు. పాత ఫాంట్లలోని దస్తావేజుల నకళ్ళు, పెండ్లిపద్యములు, వంశవృక్షములు ఎవరియింటనైన ఉన్నచో ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు తెచ్చిన యెడల, ఇద్దఱు యువకులు అచటనే కూర్చుండి చూచిపెట్టుదురు. ఆ యంత్రము ఈ మధ్య ఒక్కొకప్పుడు రెండవసారి మీట నొక్కిన గాని లేచుట లేదు.