ఎఱ్ఱకాంతి చికిత్సను గూర్చి వైద్యులేమందురు?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



క్రిందటి తరగతిలో మంచినీటిని గూర్చి మేము మాటలాడి ముగింపగానే ఒక సభ్యురాలు లేచి వేఱొక ప్రశ్న అడిగినారు. వారి గ్రామమునకు కొందఱు ఎఱ్ఱని దీపముల పెట్టెలతో వచ్చి, పది దినములు శిబిరము నడపెదము, పంచాయతీ మందిరము ఇప్పింపుడని కోరినారట. మోకాళ్ళ నొప్పులు, మధుమేహము, పక్షవాతము, కంటి మసక, బట్టతల, అన్నిటికి ఆ దీపమే మందట. "ఇది నిజమా, మోసమా? మందిరము ఇవ్వవలెనా, మానవలెనా?" అని వారి ప్రశ్న. ఒక్క మాటతో జవాబు చెప్పుటకు మాకు సాధ్యము కాలేదు. ఏలయన, ఎఱ్ఱకాంతి ఒట్టి బూటకము కాదు. సర్వరోగ నివారిణియు కాదు. ఈ రెంటి నడుమ వైద్యులు ఎక్కడ గీత గీయుచున్నారో చెప్పుటకే నేడు వచ్చినాము.

ఎఱుపునకును రోగమునకును ముడిపెట్టుట నేటిది కాదు. మశూచి సోకినవారిని ఎఱ్ఱని వస్త్రములలో చుట్టుట ఐరోపా ఖండమున శతాబ్దముల నాటి ఆచారము. 1893లో డెన్మార్కు దేశపు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ దీనికి శాస్త్రీయమైన ఆధారము కల్పింపబూనెను. సూర్యకాంతిలోని తీక్ష్ణ కిరణములు మశూచి పొక్కులకు చెఱుపు చేయునని తలచి, కిటికీలకు ఎఱ్ఱ తెరలు కట్టిన గదులలో రోగులను ఉంచుమని ఆయన చెప్పెను. పిమ్మట ఆ పద్ధతి నిలువలేదు. ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమానము వచ్చిన మాట నిజమే. కాని అది ఎఱ్ఱ గదులకు రాలేదు. చర్మపు క్షయను కేంద్రీకరించిన కాంతి కిరణములతో నయము చేసినందుకు వచ్చినది. ఆ పని చేసిన కిరణములు ఎఱ్ఱనివి కావు. మశూచి సంగతి మీకు తెలిసినదే. దానిని లోకమునుండి తఱిమినది టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సంగతిని ప్రకటించినది. ఒక గొప్ప వైద్యుడు చెప్పినంత మాత్రమున ప్రతి మాటయు నిలువదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు కనబడలేదు.

నేటి ఎఱ్ఱకాంతి చికిత్సకు మూలము వేఱు. 1967లో హంగేరీ రాజధాని బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అను వైద్యుడు, లేసరు కిరణము వలన కణితులు పుట్టునేమో చూడవలెనని, ఎలుకల వీపున వెండ్రుకలు గొఱిగి ఆ ఎఱ్ఱని కిరణమును ప్రసరింపజేసెను. కణితులు పుట్టలేదు. పైగా ఆ చోట వెండ్రుకలు మిగిలిన ఎలుకలకంటె త్వరగా మొలిచినవి. వెదకిన దొకటి, దొరికిన దొకటి. 1990 తరువాతి యేండ్లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మొక్కలు పెంచుటకై తయారు చేయించిన ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపములను గాయములపై కూడ పరీక్షించిరి. అప్పటినుండి ఈ విద్యకు ప్రచారము హెచ్చినది.

ఇది పనిచేయు తీరును గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పున దేమనగా: మన శరీరములోని ప్రతి జీవకణమున శక్తిని పుట్టించు చిన్న పొయ్యిలవంటి భాగములున్నవి. వానికి మైటోకాండ్రియా అని పేరు. అందులోని ఒక పదార్థము ఎఱ్ఱకాంతిని, దానికి ప్రక్కనున్న కంటికి కనబడని పరారుణ కాంతిని పీల్చుకొని చుఱుకుగా పనిచేయునని, అందువలన వాపు తగ్గి గాయము మానుటకు తోడ్పడునని అభిప్రాయము. ఇందులో ఇంకను తేలవలసిన సంగతులు కలవు. ఒక్క సంగతి మాత్రము పరిశోధనలలో పదేపదే కనబడినది. కాంతి తక్కువైన ఫలితము లేదు. ఎక్కువైనను ఫలితము పోవును. నారుమడికి నీరు పెట్టువారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున ఎంత తీక్ష్ణత, ఎన్ని నిమిషములు, ఎంత దూరమునుండి అనునది తెలియని దీపము కొలత లేని మందు వంటిది.

ఇక వైద్యులు నిస్సంశయముగా మెచ్చుకొనునది ఏది? నోటి పూత. నోటికి, గొంతునకు కాన్సరు వచ్చి రేడియేషను చికిత్స పొందువారికి నోరంతయు పుండై, గంజి మ్రింగుట కూడ దుర్భరమగును. కొందఱు ఆ బాధ తాళలేక చికిత్సనే నడుమ మానివేయుదురు. ముందునుండియే నోటిలో తక్కువ తీక్ష్ణతగల ఎఱ్ఱని లేసరు కాంతిని ప్రసరింపజేసిన ఈ పుండ్లు తగ్గునని పరీక్షలలో తేలినది. కాన్సరు రోగుల సహాయక చికిత్సకు సంబంధించిన అంతర్జాతీయ వైద్య సంఘము దీనిని సిఫారసు చేసినది. 2018లో ఇంగ్లండు దేశపు ఆరోగ్య ప్రమాణముల సంస్థయు ఇందుకు అనుమతించినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో అడ్డపొగ త్రాగు తల్లులను మీలో కొందఱు ఎఱుగుదురు. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొను ఆ అలవాటు వలన అంగిటి కాన్సరు వచ్చును. అట్టివారికి ఈ కాంతి ఉపకారము చేయగలదు. అయితే అది కాన్సరు ఆసుపత్రిలో, కాన్సరు వైద్యుని పర్యవేక్షణలో జరుగవలసిన పని. కాంతి కాన్సరును కుదుర్చదు. చికిత్స వలన కలుగు బాధను మాత్రము తగ్గించును.

నొప్పుల విషయములో అభిప్రాయములు ఇంత ఏకముగా లేవు. మెడనొప్పిపై జరిగిన 16 పరీక్షలను, 820 మంది రోగుల ఫలితములను కలిపి చూచి, లేసరు కాంతి వలన నొప్పి తగ్గుచున్నదని 2009లో లాన్సెట్ అను వైద్య పత్రికలో ప్రకటించిరి. మోకాలి కీళ్ళ నొప్పికి కొన్ని పరీక్షలు అనుకూలముగాను, కొన్ని ప్రతికూలముగాను వచ్చినవి. బట్టతలకు లేసరు దువ్వెనను 2007లో అమెరికా ప్రభుత్వము అమ్మకమునకు అనుమతించినది, ఫలితము స్వల్పమే. మొగము ముడుతలను గూర్చి మేము కాలము వ్యయము చేయము.

పరీక్ష అనగా ఏమో కొంచెము చెప్పవలసియున్నది. శిబిరమువారు మీకు చూపునది సాక్షులను. "ఫలానావారికి మూడు దినములలో నొప్పి పోయినది" అందురు. వారు అబద్ధమాడుచున్నారని మేమనము. కాని మోకాలి నొప్పి ఒకనాడు హెచ్చును, ఒకనాడు తగ్గును. బాగుగ హెచ్చిన దినముననే మనము చికిత్సకు పోదుము. ఆపై ఏమి చేసినను, చేయకున్నను కొంత తగ్గును. పది దినములు కలుపుతీతకు పోక కూర్చున్న మోకాలికి విశ్రాంతి దొరకును. ప్రక్కన నలుగురితో ముచ్చట, ఆదరముగ పలుకరించువాడు, ఇవియు బాధను తగ్గించునవే. కావున వైద్యులు రోగులను రెండు భాగములుగ చేసి, ఒకరికి నిజమైన దీపము, వేఱొకరికి అట్లే కనబడు ఉత్తుత్తి దీపము పెట్టి, ఎవరికేదో వారికి తెలియనీయక ఫలితము చూతురు. నిజమైన దీపము క్రింద కూర్చున్నవారికి ఎక్కువ మేలు కలిగిననే దానిని మందందురు.

కంటి సంగతి వచ్చినపుడు మేము గట్టిగ చెప్పుదుము. హ్రస్వదృష్టి గల పిల్లలకు దినమునకు రెండు పర్యాయములు, మూడేసి నిమిషములు ఎఱ్ఱకాంతి చూపించు యంత్రములు చైనాలో వ్యాపించినవి. దృష్టి దోషము పెరుగుట మందగించినట్లు పరీక్షలలో కనబడినది కూడ. అయినను అట్లు ఐదు నెలలు వాడిన పండ్రెండేండ్ల బాలికకు రెండు కన్నుల లోపలి పొర దెబ్బతిన్నట్లు 2023లో వైద్యులు ప్రకటించిరి. ఆ దేశపు ప్రభుత్వము 2024 జూలై నుండి ఆ యంత్రములను మిక్కిలి కట్టుదిట్టమైన తరగతిలో చేర్చినది. శుక్లము వచ్చిన కంటికి ఏ దీపమును పనికిరాదు. దానికి శస్త్రచికిత్సయే శరణ్యము.

పేరు ఒక్కటే అగుటచేత చిక్కులు తెచ్చునవి రెండున్నవి. పుట్టిన శిశువునకు కామెర్లు వచ్చినపుడు ఆసుపత్రిలో దీపము క్రింద పరుండబెట్టుదురు గదా, అది నీలికాంతి. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డు ఆసుపత్రిలో ఎండ తగిలిన శిశువుల పసుపురంగు తగ్గుట ఒక నర్సు గమనించుటతో ఆ చికిత్స మొదలైనది. పసుపురంగు పదార్థమును కరగించునది నీలికాంతి, ఎఱ్ఱకాంతి కాదు. ఎఱ్ఱ దీపము క్రింద బిడ్డను ఉంచి రెండు దినములు జాప్యము చేసిన, ఆ బిడ్డ మెదడు, వినికిడి జన్మమంతయు చెడవచ్చును. రెండవది, కాపడము పెట్టు ఎఱ్ఱ బల్బు. అది ఇచ్చునది వేడి. కండరముల నొప్పికి హాయిగ నుండును. కాని స్పర్శ పోయిన పాదమునకు కాలిన సంగతి తెలియదు.

ఇక్కడ మేము మఱువలేని ఒక రోగిని గూర్చి చెప్పుచున్నాము. ఆయన వృద్ధ రైతు; చాలకాలమునుండి మధుమేహము కలదు. కాలివ్రేలిపై చిన్న పుండు పడగా, ఇట్టి శిబిరమున కొకదానికి పోయి ఇరువది దినములు దీపము క్రింద కాలు పెట్టుకొని కూర్చుండెను. అక్కడివారి మాట విని ఇన్సులిను కూడ మానెను. మావద్దకు తెచ్చునప్పటికి కాలు నల్లబడియున్నది. రెండు వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చినది. "నొప్పి లేదు కదా, తగ్గుచున్నదనుకొంటి నయ్యా" అని ఆయన అన్నాడు. స్పర్శ చచ్చుటచేత నొప్పి లేదు. ఆ పుండును దీపము పుట్టింపలేదు. ఆ ఇరువది దినములను మాత్రము అది మ్రింగివేసినది. కుష్ఠు రోగము వలన స్పర్శ లేని మచ్చ పడినవారి సంగతియు ఇంతే. వారికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితముగ దొరకును. జాప్యము చేసినకొలది చేతులు, కాళ్ళు వంకరపోవును.

మఱి మందిరము ఇవ్వవలెనా? చట్టమును తెలిసికొనుడు. 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టము మధుమేహము, కాన్సరు, శుక్లము, పక్షవాతము, కుష్ఠు మొదలగు రోగములను కుదుర్చునని ప్రకటనలు చేయుటను నిషేధించినది. 2020 ఏప్రిలు నుండి వైద్య పరికరములన్నియు మందుల చట్టము క్రిందికి వచ్చినవి. కావున గోడకాగితము చేతికి రాగానే అందులో ఏ రోగముల పేర్లున్నవో చదువుడు. యంత్రమునకు గల అనుమతి పత్రము, దానిని నడుపు వైద్యుని నమోదు సంఖ్య, ఏ రోగమునకు ఎంత కాంతి ఇత్తురో వ్రాసిన కాగితము అడుగుడు. వాడుచున్న మందులు మానుమని ఎవరికిని చెప్పమని వారిచేత వ్రాయించుకొనుడు. ఆ కాగితములను మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి పంపి, వారి అభిప్రాయము వచ్చినదాక ఆగుడు. నిజమైన వైద్యుడు ఇందుకు కోపపడడు.

ఆ సభ్యురాలు ఇట్లే అడిగినారట. పత్రములు తెచ్చెదమని పోయినవారు మరల రాలేదని నిన్న మాకు చెప్పినారు. శిబిరమునకు పేర్లు ఇచ్చినవారి పట్టిక మాత్రము పంచాయతీ కార్యాలయములోనే మిగిలినది. అందులోని మధుమేహ రోగులందఱి పాదములు పరీక్షింపుడని ఆమె ఆ పట్టికను ఆశా కార్యకర్త చేతికి ఇచ్చినారు.